రుసుముకు తగ్గ తనిఖీ

మా పూర్వులు బండ్లను తనిఖీ చేసి రుసుము వసూలు చేసినవాళ్లు. గొప్పకు చెప్పడం లేదు, జరిగిన సంగతి చెబుతున్నాను. విజయనగరం వైపు మాకొక చిన్న జమీ ఉండేది. చిన్న అనే మాట పక్క జమీవాళ్లు వాడినది. ఆ జమీలో ఒక ఏరు, ఏరు దాటడానికి ఒక రేవు ఉండేవి. రేవు దగ్గర మా దివాణం మనిషి ఒకడు కూర్చుని, వచ్చిన ప్రతి ఎడ్లబండి చక్రాలూ ఇరుసూ చూసేవాడు. బాగుంటే డబ్బు పుచ్చుకుని దాటనిచ్చేవాడు. బాగోకపోతే డబ్బు పుచ్చుకుని వెనక్కి పంపేవాడు. ఆ సొమ్ముతో రేవులో రాళ్లు పరిపించాలని మా ముత్తాతగారు ఉత్తరువు ఇచ్చారు. మా తాతగారి కాలానికి ఆ సొమ్ముతో దివాణంలో ఇంగ్లీషు బాకాల మేళం నడిచేది. ఏటా వరదకు రేవు కొట్టుకుపోయేది. మేళం మాత్రం చాలా బాగా వాయించేదని విన్నవాళ్లు చెప్పారు.

తరవాత జమీ పోయింది, ఏరు పోయింది, బాకాలు ఎవరు పట్టుకుపోయారో తెలియదు. మిగిలినవి తాతగారి నల్ల కారు, మా మామ్మగారు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం దొరికినప్పుడు మా నాన్నగారు ఆ రెంటినీ భిలాయి తీసుకొచ్చారు. ఆయన పోయాక ఉద్యోగం, క్వార్టరు, కారు, మామ్మగారు వరసగా నాకు సంక్రమించాయి. ఉద్యోగం స్టోర్స్ విభాగంలో. కిట్టనివాళ్లు బోల్టులూ నట్లూ లెక్కపెట్టే పని అనేవారు.

నేను చెప్పేది తొంభైల మొదటి సంవత్సరాల మాట. భిలాయి అప్పటికి మధ్యప్రదేశ్‌లోనే ఉండేది. మా వీధిలో అందరికీ స్కూటర్లు, సైకిళ్లు ఉండేవి. కారు మాకొక్కరికే. దాని కోసం క్వార్టరు పక్కన వేయించిన రేకుల షెడ్డు మా ముందుగదికంటే విశాలంగా ఉండేది. వానాకాలంలో బంధువులు వస్తే ఒకరిద్దరు కారులోనే పడుకునేవారు, హాయిగా నిద్రపట్టిందనేవారు.

మామ్మగారు జన్మలో రిక్షా ఎక్కలేదు. బస్సు అంటే ఆవిడ ఉద్దేశంలో ముక్కూమొహం తెలియనివాళ్లతో ఒకే గదిలో కూర్చోవడం. గుడికైనా, పేరంటానికైనా కారులోనే. గుడి మా ఇంటికి నాలుగో మలుపులో ఉంది. ఆవిడ వెనక సీట్లో ఎక్కి కూర్చుని, కారు కదిలేసరికి దిగే వేళయ్యేది.

ఆవిడకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. ఒకసారి వీధి కుళాయిని మా ఆవిడ అనుకుని చాలాసేపు మందలించారు. కుళాయి ఎదురు చెప్పలేదు. ఆ పూటంతా మా ఆవిడ మీద ఎంతో ప్రసన్నంగా ఉన్నారు. ప్లాంటు ఆసుపత్రి డాక్టరుగారు కుడికన్ను చూసి, వచ్చే బుధవారం ఆపరేషన్ చేస్తాననీ, పదకొండు గంటల్లోపు చేర్చమనీ, ఆ రోజు తప్పితే తాను సెలవు మీద వెళ్లి వచ్చేసరికి ఆ కన్ను దక్కకపోవచ్చనీ చెప్పారు. మామ్మగారు సరేనన్నారు. దేవుడి దయవల్ల కారు ఉంది కదా అన్నారు.

ఆ మర్నాడే బజారుకు వెళ్తుంటే ఒక ట్రాఫిక్ కానిస్టేబులు మా కారును ఆపాడు. కొత్త చట్టం వచ్చిందట. పదిహేనేళ్లు దాటిన సొంత బండ్లను రవాణా ఆఫీసుకు తీసుకెళ్లి, రుసుము కట్టి, తనిఖీ చేయించి, కాగితాలు మళ్లీ రాయించుకోవాలి. మా కారు పదిహేనేళ్లు ఎప్పుడు దాటిందో దానికే గుర్తుండి ఉండదు. తనిఖీ అయ్యేదాకా రవాణా ఆఫీసు దారిలో తప్ప ఇంకెక్కడ కనిపించినా బండి స్టేషన్లో పెట్టేస్తానని కానిస్టేబులు చెప్పాడు.

"పక్కింటివాళ్ల స్కూటరు అడుగుతాను, ఆసుపత్రికి వెళ్లి వచ్చేద్దాం" అన్నాను ఇంటికొచ్చాక.

"ఏటి? మీ తాతగారి పెళ్లాన్ని డబ్బాలాగ వెనక కట్టుకుని తీసుకెళ్తావా?" అన్నారు మామ్మగారు. "కారులో వెళ్తాను. లేదంటే ఆ కన్నొద్దు, ఏటొద్దు."

ఆవిడ మాట అంటే మాటే. నాకు కోపం రాలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.

శుక్రవారం పొద్దున్నే రవాణా ఆఫీసుకు బయల్దేరాం. మామ్మగారూ వచ్చారు. తనిఖీలు, రుసుములు తనకు తెలిసిన విషయమనీ, నేను పిల్లవాణ్ణి కనక మోసపోతాననీ ఆవిడ నమ్మకం. నాకు అప్పటికి తల ముందువైపు జుట్టు లేదు.

కిటికీ దగ్గర గుమాస్తాకు తెలుగు రాదు. మధ్యలో నేను దుబాసీని.

"ఈ రుసుము ఎవరు పెట్టేరు?" అన్నారు మామ్మగారు.

"పైనుంచి వచ్చింది. భోపాల్ నుంచి" అన్నాడు గుమాస్తా.

"భోపాల్‌వాళ్లు మన కారు చూసేరా?"

"లేదు."

"చూడకుండా ఎంతని ఎలా కట్టేరు?"

"కార్లన్నిటికీ ఒకటే రేటమ్మా."

ఆ మాటకు మామ్మగారి మొహం ఎర్రబడింది. మా ముందు వరసలో ఒక కారు తలుపుకు తాడు కట్టి ఉంది. దాని రంగు ఏదో చెప్పడం కష్టం. తాడు సంగతి నేనే ఆవిడకు చెప్పాను.

"ఆ తాడు కారుకీ మన కారుకీ ఒకటే రుసుమేటి? మనకి ఎక్కువుండాలి. అడుగు నాన్నా."

అడిగాను. గుమాస్తా కళ్లజోడు తీసి నన్ను చూశాడు. తక్కువ చెయ్యమని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారట, ఎక్కువ తీసుకోమని అడిగినవాళ్లు ఆయన సర్వీసులో లేరట. ఎక్కువ ఇస్తే జమ కట్టడానికి పద్దు లేదట. అంత పెద్ద రాష్ట్రానికి ఆ మాత్రం పద్దు లేకపోవడం నాకూ వింతగానే తోచింది.

"పోనీ, ఈ సొమ్ము ఏటి చేస్తారో అడుగు."

"ఖజానాకు పోతుంది."

"అక్కణ్ణుంచి?"

"రోడ్లు వేస్తారంటారు."

"మనం వచ్చిన రోడ్డా?"

గుమాస్తా నిజాయితీపరుడు. "అది కాదేమో" అన్నాడు.

మామ్మగారు తృప్తిగా తలాడించారు. నా చెవి దగ్గరకు వచ్చి, "భోపాల్లో మేళం ఉండుంటాది నాన్నా. ఉండాలి. లేకపోతే ఇంత సొమ్ము దేనికవుతాది?" అన్నారు.

ఇన్‌స్పెక్టరు ఆవరణలో టీ తాగుతున్నాడు. నలభై ఏళ్ల మనిషి, నిద్ర చాలని కళ్లు. మామ్మగారు కారు వెనక సీట్లో సర్దుకుని కూర్చున్నారు. ఆయన టీ గ్లాసుతోనే వచ్చి, కారు చుట్టూ సగం దాకా నడిచి ఆగాడు.

"హారన్."

నొక్కాను. మోగింది.

"లైట్."

వేశాను. ఒకటి వెలిగింది.

"హో గయా సాబ్" అని జేబులోంచి కలం తీశాడు.

కలం కాగితం మీద పెట్టబోతుంటే వెనక సీట్లోంచి మామ్మగారు తెలుగులో అన్నారు. "అప్పుడే అయిపోనాదా? ఆ పక్కకైనా వెళ్లలేదు వీడు. వట్టి బద్ధకిష్టివాడు నాన్నా. మన రేవులోనైతే ఒక్క పూట ఉంచకపోదుం."

ఇన్‌స్పెక్టరు వంగి కిటికీలోంచి చూశాడు. "దాదీజీ, నాకు తెలుగు సమఝ్ అవుతాది. మా తాత రైల్వే నౌకరీకి పలాస నుంచి ఇటొచ్చినోడే."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మామ్మగారు మాత్రం ఏమీ చలించలేదు. "మరీ మంచిది. దుబాసీ పని తప్పింది. ఆ పక్క చూడు బాబూ."

"చూడక్కర్లేదు దాదీజీ, పాస్ చేసేస్తున్నాను కదా!"

"చూడకుండా పాస్ చెయ్యడానికి ఇదేటి, బిచ్చమా? సొమ్ము కట్టేం. కట్టిన సొమ్ముకి సరిపడా చూడు."

ఇన్‌స్పెక్టరు నా వైపు చూశాడు. ఏదో సైగ చేసి ఆవిడను ఊరుకోబెడతానని ఆయన ఆశ. కాని మామ్మగారు అన్నదాంట్లో న్యాయం ఉంది. మా వంశంలో ఎవరూ సగం సరుకు పుచ్చుకుని ఇంటికి వెళ్లలేదు. "పూర్తిగా చూడండి" అన్నాను.

వెనక వరసలో ఉన్న ఒక లారీ యజమాని తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. "అరే భయ్యా, పాస్ అవుతుంటే వద్దంటారా ఎవరైనా!"

ఇన్‌స్పెక్టరు టీ గ్లాసు గోడమీద పెట్టాడు. చొక్కా చేతులు మడిచాడు. ఆ పక్కకు వెళ్లాడు. ఆ పక్క లైటు లేదు, అంటే లైటు ఉండవలసిన చోట ఒక పిచ్చుక గూడు ఉంది. వైపరు అద్దం మీద సగం దూరం వెళ్లి అక్కడే ఆగిపోయింది. హ్యాండ్‌బ్రేకు లాగితే ఊడి చేతిలోకి వచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, విరిగిపడిన కత్తిని శత్రువుకు తిరిగి ఇచ్చినట్టు గౌరవంగా నాకు అందించాడు.

చివరికి బానెట్ ఎత్తించి, "నంబరేది?" అన్నాడు. బండి నంబరు కాదు, కారు పుట్టినప్పుడు దాని ఒంటిమీద కొట్టిన నంబరు. పెన్సిలు రుద్ది దాని అచ్చు తీసుకోవాలట. "ఇక్కడ రేకు ఉండాలి. ఇక్కడ ఏదో... మందిర్ ఉంది."

ఆ సంగతి చెప్పాలి. ఏటా విజయదశమికి మేము కారుకు పూజ చేస్తాం. అందరూ చేస్తారు. అందరూ ముందు అద్దానికి బొట్టు పెడతారు. మా మామ్మగారు మాత్రం మొదటి ఏడే బానెట్ ఎత్తించి, లోపల అక్షరాలు చెక్కిన రేకు చూసి, అక్షరాలున్నాయి కనక అమ్మవారు అక్కడే ఉంటుందని నిర్ణయించారు. అప్పటి నుంచి ప్రతి ఏడూ పసుపు, కుంకుమ, గంధం, నెయ్యి కలిపి ఆ రేకుకే పెట్టారు. పాతది తియ్యకుండా దానిమీదే కొత్తది. ఇంజను వేడికి అది కాలి, బిగిసి, ఇటుకలా తయారైంది. దానిమీద రెండు వెండి కళ్లు కూడా అతికించి ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు వెండి కళ్లను చూశాడు. అవీ ఆయన్ని చూశాయి. ఆయన అలవాటుగా దణ్ణం పెట్టి, తరవాత గుర్తొచ్చి, "ఫెయిల్" అన్నాడు. అన్నీ బాగుచేయించి, మళ్లీ రుసుము కట్టి తీసుకురమ్మన్నాడు.

"ఇదీ తనిఖీ అంటే" అన్నారు మామ్మగారు. దారిపొడుగునా ఎంతో సంతోషంగా ఉన్నారు. బుధవారం సంగతి గుర్తుచేస్తే, "బాగుచెయ్యించు. ఇంకా నాలుగు రోజులుంది కాదేటి" అన్నారు.

భిలాయి పక్కనే ఉన్న హథ్‌ఖోజ్‌లో చిన్న చిన్న ఇంజనీరింగు షెడ్ల మధ్య శ్రీకాకుళం మెకానిక్ ఒకడు ఉండేవాడు. కారు అతని దగ్గరకు తాడు కట్టి లాగించుకుని వెళ్లాను. నడపడం నిషేధం కదా. లాగినది ఒక ట్రాక్టరు. తాడు కారు గురించి నేను అన్న మాటలు దారిలో ఎవరికీ గుర్తు రాకూడదని కోరుకున్నాను. మామ్మగారు వెనక సీట్లోనే ఉన్నారు. ట్రాక్టరు సంగతి ఆవిడకు కనబడలేదు, నేను చెప్పలేదు. "ఇవాళ ఇంజను ముందుకొచ్చి గట్టిగా మోగుతున్నాది, ఆరోగ్యంగా ఉన్నాది" అన్నారు.

మెకానిక్ బానెట్ ఎత్తి ఒక అడుగు వెనక్కి వేశాడు. "బాబుగారూ, ఇది కారా, కోవెలా? సెప్పులిప్పి రావాలా ఏటి?"

"నంబరు దాని కింద ఉంది. తియ్యాలి" అన్నాను.

"ఉలెట్టి ఒక్కటి కొడితే ఒచ్చేత్తాది."

"ఉలి ఎవడ్రా పెట్టేది?" అన్నారు మామ్మగారు లోపలినుంచి. "పూజలందుకున్న చోట ఉలి పెడతావా? కళ్లు పోతాయి."

"ఎవరికి మామ్మా, నాకా?" అన్నాడు మెకానిక్.

"ఎవరికి పోతే ఏటి, ఇప్పటికే ఒకరివి పోతన్నాయి."

మెకానిక్ ఉలి కింద పెట్టేశాడు. బ్రేకులు బిగించాడు. వైపరు సరిచేశాడు. పిచ్చుక గూడును పిల్లలతో సహా పక్కషెడ్డు చూరులోకి మార్చి, ఆ చోట కొత్త లైటు పెట్టాడు. నంబరు జోలికి మాత్రం రాలేదు. కారు, అందులో మామ్మగారు, మళ్లీ ట్రాక్టరు వెనకే ఇంటికి చేరారు. సోమవారం సాయంత్రం దాకా ఆ ఇటుక అలాగే ఉంది. నేను మామ్మగారికి నచ్చజెప్పాను. నంబరు కనిపించకపోతే కారు దాటదు, కారు దాటకపోతే కన్ను దక్కదు.  ఆవిడ స్నానం చేసి, మడిచీర కట్టుకుని, కొబ్బరికాయతో మా రేకుల షెడ్డుకు వచ్చారు. వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసేముందు కదిలించినట్టు, ఆ ఇటుకను వేలితో ముట్టుకుని ఉద్వాసన చెప్పారు.

"తల్లీ, ప్రభుత్వంవారు నీ అడ్రసు చూడాలంటన్నారు. కాసేపు ఆ లైటు మీద కూర్చో."

తరవాత అభిషేకం. వేడినీళ్లు, చింతపండు పులుసు, కొబ్బరినీళ్లు. నేను పిలిపించిన మెకానిక్ బయట నిలబడి గంట బదులు స్పానరుతో ఇనపరేకు మీద కొట్టాడు. ఇటుక మెల్లగా మెత్తబడి ఊడింది. కింద అంకెలు కొత్త నాణెంలా మెరిశాయి.

బుధవారం. మామ్మగారు ఆసుపత్రికి పట్టుచీర కట్టుకున్నారు. మరచెంబు, విసనకర్ర, దిండు కారులో పెట్టించారు. ముందు రవాణా ఆఫీసుకు వెళ్లి, కాగితం చేయించుకుని, అక్కణ్ణుంచి ఆసుపత్రికి వెళ్లాలని ఏర్పాటు. ఆఫీసు తెరిచేసరికి కిటికీ ముందు నిలబడ్డాం. గుమాస్తా మమ్మల్ని గుర్తుపట్టాడు. ఈసారి ఆయనే ముందుగా, "రేటు పెరగలేదమ్మా" అన్నాడు బాధగా.

ఇన్‌స్పెక్టరు మమ్మల్ని చూసి, అడగకుండానే చేతులు మడిచాడు. లైట్లు రెండూ చూశాడు. వైపరు తిప్పాడు. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దాడు. అచ్చుతోపాటు పసుపు కూడా అంటింది. కారు కిందికి వంగి చూశాడు, లేవడానికి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇదంతా జరిగేసరికి పది దాటింది.

"ఇంక బ్రేకు చూడాలి. నేను నడుపుతాను. దాదీజీ, మీరు దిగండి."

"నేనెందుకు దిగుతాను? ఖాళీ బండిని చూస్తే ఏటి తెలుస్తాది? బరువుతో చూడాలి."

"మా రూల్లో లేదు దాదీజీ."

"భోపాల్‌వాళ్లు రాయడం మర్చిపోయుంటారు. పద."

ఆయన ఎక్కాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆవరణ చుట్టూ ఒక చుట్టు తిరిగి బ్రేకు వేశాడు. ఆగింది. దిగబోయాడు.

"ఇదేనా? రెండుసార్లు సొమ్ము కట్టేం బాబూ. రోడ్డు మీద చూడు. ఈ ఆవరణలో నేను నడిచి ఎప్పుడైనా తిరగ్గలను."

ఇన్‌స్పెక్టరు నిట్టూర్చి రోడ్డెక్కాడు. కొంత దూరం వెళ్లాక వెనక్కి తిప్పబోతే, అక్కడ ఎద్దులున్నాయి, ఇంకొంచెం ముందుకెళ్లి తిప్పమన్నారు మామ్మగారు. ఆవిడకు ఎద్దులు ఎలా కనిపించాయో నాకు తెలియదు. ఇంకొంచెం ముందుకెళ్లాక, ఎత్తులో చూడలేదన్నారు. వంతెన ఎక్కాడు. తరవాత పల్లంలో చూడలేదన్నారు. వంతెన దిగాడు. మలుపులో చూడాలన్నారు. కూడలిలో ఒక కానిస్టేబులు స్టీరింగు వెనక ఖాకీ బట్టలు చూసి సెల్యూట్ చేశాడు. మసక మసకగా ఏదో చెయ్యి లేచినట్టు తెలిసి మామ్మగారు తల పంకించి ఆ సెల్యూట్ అందుకున్నారు.

నేను గడియారం చూసుకుంటున్నాను. నోరు విప్పలేదు. ఆయన వెనక్కి తిప్పితే మళ్లీ ఆఫీసు, ముద్ర, సంతకం, మళ్లీ ఇంత దూరం. పదకొండు దాటిపోతుంది. టౌన్‌షిప్ రోడ్డు వచ్చింది. తిన్నగా, నున్నగా, రెండు వైపులా చెట్లతో ఉంది. ఇన్‌స్పెక్టరు ముఖం కొంచెం మారింది. మోచెయ్యి కిటికీ మీద పెట్టాడు.

"చాలా బాగా నడుస్తంది దాదీజీ" అన్నాడు.

"నడవదేటి మరి. బాబూ, కుడి పక్కకి తిప్పు. అదిగో ఆ పెద్ద గేటులో బ్రేకు ఎలా పడతాదో చూడు."

ఆయన తిప్పాడు. కారు ఆసుపత్రి మెట్ల ముందు, అంగుళం కదలకుండా ఆగింది. అక్కడ బోర్డు చదివి, దిండునీ మరచెంబునీ చూసి, ఇన్‌స్పెక్టరు స్టీరింగు వదిలేశాడు.

"దాదీజీ, ఇది టెస్టా, సవారీయా?"

"టెస్టే. పాసయ్యేవు" అన్నారు మామ్మగారు. కొంగుముడి విప్పి ఒక నాణెం తీసి ఆయన భుజం మీదుగా అందించారు. "మంచిగా నడిపేవు. టీ తాగు."

"నేను సర్కారీ ఆద్మీ. తీసుకుంటే రిశ్వత్ అవుతాది!"

"లంచం పనికి ముందిస్తారు బాబూ. ఇది డ్రైవరుకి."

లంచగొండి అనిపించుకోవడం నయమా, డ్రైవరు అనిపించుకోవడం నయమా అని ఆయన కాసేపు మథనపడ్డాడు. చివరికి నాణెం తీసుకెళ్లి బానెట్ ఎత్తి ఇంజను పక్కన పెట్టి, అమ్మవారి హుండీ అన్నాడు. అప్పటికి పదకొండుకు ఇంకా కొంచెం టైముంది. నర్సులు మామ్మగారిని చక్రాల కుర్చీలో లోపలికి తీసుకెళ్లారు. ఆ కుర్చీని ఆవిడ పల్లకీ అనుకున్నారో ఏమో, అభ్యంతరం చెప్పలేదు.

ఇన్‌స్పెక్టరును నేనే ఆఫీసుకు దింపాను. దారిలో ఆయన ఒకే ఒక మాట అన్నాడు. "భయ్యా, ఈ నౌకరీలో ఒక బండిని ఇంత బాగా ఎప్పుడూ చెక్ చెయ్యలేదు." ముద్ర వేసి, సంతకం పెట్టి, కాగితం నా చేతికిచ్చాడు. మా కారు మధ్యప్రదేశ్ రోడ్ల మీద తిరగడానికి అన్ని విధాలా యోగ్యమైనదని అందులో రాసి ఉంది.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పిన రోజు నేనే కారులో తీసుకురావడానికి వెళ్లాను. మామ్మగారు మెట్ల మీద ఆగి, చెట్లను చూశారు. నన్ను చూసి, "జుట్టేదిరా?" అన్నారు. తరవాత మెట్లు దిగి కారు దగ్గరకు వచ్చారు. చాలా ఏళ్ల తరవాత దాన్ని చూడడం. ముందువైపు నుంచి మొదలుపెట్టి చుట్టూ నడిచారు, ఆ పక్కకు కూడా. తలుపుల కింద తుప్పు, నేను ఇంటి కిటికీలకు మిగిలిన రంగు వేయించిన మడ్‌గార్డు, పీచు బయటికొచ్చిన సీటు, అన్నీ వరసగా చూశారు. నేను కాగితం జేబులోంచి తీసి, పాసయిందని చూపించాను.

"అతనేనా పాస్ చేసింది, మనల్ని తీసుకొచ్చిన ఇన్‌స్పెక్టరు?"

"అవునండీ."

"పాపం, మంచివాడు" అన్నారు. "రేపు వెళ్లి అతన్ని మన డాక్టరు దగ్గరికి తీసుకురా నాన్నా. రెండు కళ్లూ పోయినట్టున్నాయి."

అని వెనక తలుపు తీయించుకుని, ఎక్కి కూర్చుని, పోనివ్వమన్నారు.